పాత లాప్‌టాప్‌లో లినక్స్ వేశాక వైఫై రావట్లేదా? వరసగా ఇలా వెతకండి

పాత లాప్‌టాప్‌లో లినక్స్ వేసుకున్నవాళ్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్న ఒకటే: సౌండ్ వస్తోంది, స్క్రీన్ బాగుంది, వైఫై ఒక్కటే రావట్లేదు, ఏ కమాండ్ కొట్టాలి? అందరికీ సరిపోయే కమాండ్ ఏదీ లేదు. కార్డు అసలు సిస్టమ్‌కు కనిపించకపోవచ్చు, కనిపించినా స్విచ్ ఆఫ్‌లో ఉండొచ్చు, కార్డును నడిపించే ప్రోగ్రామ్, అంటే డ్రైవర్ లేకపోవచ్చు, డ్రైవర్ ఉండి దానికి కావాల్సిన ఫర్మ్‌వేర్ ఫైల్ లేకపోవచ్చు, ఇవన్నీ ఉన్నా రౌటర్‌తో కుదరకపోవచ్చు. వీటిలో మీది ఏదో తెలియకుండా ఎక్కడో దొరికిన కమాండ్లు కాపీ చేసి కొడితే, ఒక సమస్య ఉన్నచోట మూడు తయారవుతాయి. అందుకే కింద చెప్పిన వరసలోనే వెళ్లండి. తెలిసినట్టే ఉంది కదా అని 1, 2 మెట్లు దాటేయొద్దు, చాలామందికి పని అక్కడే అయిపోతుంది.

కమాండ్లను ఇక్కడ పలికే తీరులో తెలుగులో రాస్తున్నాను. మీరు టెర్మినల్‌లో కొట్టేటప్పుడు అవన్నీ ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లోనే కొట్టాలి, పెద్ద అక్షరం కావాల్సిన చోట చెబుతాను.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- ఏదో ఒక దారిలో ఇంటర్నెట్. లాన్ కేబుల్ ఉంటే అదే చాలు. లేకపోతే స్మార్ట్‌ఫోన్‌ను యూఎస్‌బీ కేబుల్‌తో లాప్‌టాప్‌కు పెట్టి, ఫోన్ సెట్టింగ్స్‌లో యూఎస్‌బీ టెదరింగ్ ఆన్ చేయండి. ఆండ్రాయిడ్ ఫోన్ అయితే లినక్స్ దాన్ని మామూలు వైర్డ్ కనెక్షన్‌లాగే చూస్తుంది, దాదాపు ఎప్పుడూ విడిగా డ్రైవర్ అక్కర్లేదు. కేబుల్ మాత్రం చార్జింగ్‌కే పనికొచ్చే రకం కాకుండా డేటా వెళ్లే రకం అయి ఉండాలి.
- మీరు లినక్స్ ఇన్‌స్టాల్ చేయడానికి వాడిన పెన్‌డ్రైవ్. దాన్ని ఇంకా చెరిపేయకండి.
- సుడో పాస్‌వర్డ్, అంటే సిస్టమ్‌లో మార్పులు చేసేటప్పుడు అడిగే మీ పాస్‌వర్డ్.
- ఒక కాగితం. ఏం మార్చారో, ఏ ఫైల్ కొత్తగా పెట్టారో రాసుకుంటూ వెళ్లండి. వెనక్కి రావాల్సి వస్తే ఇదే ఆధారం.

1. కార్డు ఏదో కనుక్కోండి

లాప్‌టాప్ మోడల్ చెబితే చాలదు, ఒకే మోడల్‌లో కంపెనీలు రెండు మూడు రకాల వైఫై కార్డులు పెట్టి అమ్మాయి. కావాల్సింది చిప్ ఐడీ. టెర్మినల్ తెరిచి ఇది కొట్టండి:

ఎల్ఎస్‌పీసీఐ -ఎన్ఎన్‌కే

పెద్ద జాబితా వస్తుంది. అందులో ‘నెట్‌వర్క్ కంట్రోలర్’ అని మొదలయ్యే లైన్ వెతకండి. ‘ఈథర్నెట్ కంట్రోలర్’ అని ఉండేది సాధారణంగా లాన్ పోర్ట్, దాన్ని చూసి పొరబడొద్దు. మీకు కావాల్సిన లైన్ చివర చదరపు బ్రాకెట్లలో నాలుగు అక్షరాలు, కోలన్, మళ్లీ నాలుగు అక్షరాలు ఉంటాయి, ఉదాహరణకు 14ఇ4:4315. దాన్ని కాగితం మీద రాసుకోండి. ముందున్న నాలుగూ చిప్ ఎవరు తయారుచేశారో చెబుతాయి:

- 8086 అంటే ఇంటెల్
- 168సి అంటే అథెరోస్
- 14ఇ4 అంటే బ్రాడ్‌కామ్
- 10ఇసి అంటే రియల్‌టెక్
- 1814 అంటే రాలింక్

ఆ లైన్ కిందే ‘కర్నెల్ డ్రైవర్ ఇన్ యూజ్’ అని ఉందా లేదా చూడండి (కర్నెల్ అంటే లినక్స్‌లో హార్డ్‌వేర్‌తో మాట్లాడే ప్రధాన భాగం). ఉంటే డ్రైవర్ తగులుకుంది. ‘కర్నెల్ మాడ్యూల్స్’ అని మాత్రమే ఉండి పై లైన్ లేకపోతే, పనికొచ్చే డ్రైవర్ ఉంది కానీ పట్టుకోలేదన్నమాట. ఈ తేడా 3వ మెట్టులో అక్కరకొస్తుంది.

యూఎస్‌బీ అడాప్టర్ వాడేవాళ్లు దీనికి బదులు ‘ఎల్ఎస్‌యూఎస్‌బీ’ కొట్టండి. 0బిడిఎ అని మొదలైతే రియల్‌టెక్, 148ఎఫ్ అని మొదలైతే రాలింక్ లేదా మీడియాటెక్. ఒకవేళ 0బిడిఎ:1ఎ2బి అని కనిపిస్తే మీ అడాప్టర్ ఇంకా వైఫైగా మారలేదు. విండోస్ డ్రైవర్లున్న చిన్న సీడీలాగా నటిస్తోంది. ‘యూఎస్‌బీ-మోడ్‌స్విచ్’ అనే ప్యాకేజీ వేసి, అడాప్టర్‌ను తీసి మళ్లీ పెట్టి చూడండి.

రెండు జాబితాల్లోనూ కార్డు ఎక్కడా లేకపోతే డ్రైవర్ల జోలికి పోవద్దు. బయోస్‌లోకి (లాప్‌టాప్ ఆన్ అవుతున్నప్పుడు తెరుచుకునే సెట్టింగ్స్) వెళ్లి వైర్‌లెస్ ఆఫ్‌లో ఉందేమో చూడండి. ఆ తర్వాత లాప్‌టాప్ ఆపి, చార్జర్ తీసి, బ్యాటరీ ఊడేదైతే అదీ తీసి, పవర్ బటన్‌ను 30 సెకన్లు నొక్కి పట్టుకుని మళ్లీ ఆన్ చేయండి. అప్పటికీ కనిపించకపోతే కింద మూత విప్పి కార్డును తీసి సరిగ్గా కూర్చోబెట్టాలి. అదీ పనిచేయకపోతే నేరుగా 8వ మెట్టుకు వెళ్లండి.

2. ఎవరైనా ఆపేశారేమో చూడండి

ఆర్ఎఫ్‌కిల్ లిస్ట్

ఇందులో ‘సాఫ్ట్ బ్లాక్డ్’, ‘హార్డ్ బ్లాక్డ్’ అని రెండు లైన్లు వస్తాయి. రెండూ ‘నో’ అయి ఉండాలి.

సాఫ్ట్ ‘యస్’ అయితే ‘సుడో ఆర్ఎఫ్‌కిల్ అన్‌బ్లాక్ వైఫై’ చాలు.

హార్డ్ ‘యస్’ అయితే ఏ కమాండూ పనిచేయదు, అది లాప్‌టాప్ మీదే ఉన్న స్విచ్. పాత లాప్‌టాప్‌లలో ఇది ముందు అంచున కింద వైపు దాక్కుని ఉంటుంది, వేలితో తడిమితే గానీ తెలియదు. కొన్నింటిలో కీబోర్డు పైన తాకితే రంగు మారే గుర్తు ఉంటుంది, మిగతావాటిలో ఎఫ్ఎన్‌తో కలిపి నొక్కే కీ. స్విచ్ జరిపి వెంటనే మళ్లీ లిస్ట్ కొట్టి చూడండి. మారితే అదే కారణం.

స్విచ్ ఆన్‌లోనే ఉన్నా, అసలు స్విచ్చే లేకపోయినా హార్డ్ బ్లాక్ చూపిస్తోందా? అప్పుడు లాప్‌టాప్ బటన్లను చూసుకునే మాడ్యూల్ (కర్నెల్‌కు జతయ్యే చిన్న భాగం) తప్పు చెబుతోందని అనుమానించాలి. లెనోవో ఐడియాప్యాడ్‌లలో ‘ఐడియాప్యాడ్_లాప్‌టాప్’, ఏసర్‌లో ‘ఏసర్_డబ్ల్యూఎమ్ఐ’ ఇలా చేస్తాయని పేరు. ‘సుడో మోడ్‌ప్రోబ్ -ఆర్ ఐడియాప్యాడ్_లాప్‌టాప్’ కొట్టి మళ్లీ లిస్ట్ చూడండి. బ్లాక్ పోతే ఆ మాడ్యూల్‌ను బ్లాక్‌లిస్ట్‌లో, అంటే సిస్టమ్ లోడ్ చేయకూడనివాటి జాబితాలో పెట్టొచ్చు. కాకపోతే బ్రైట్‌నెస్ కీలు గానీ, టచ్‌ప్యాడ్ కీలు గానీ పనిచేయడం మానేయొచ్చు, అది చూసుకుని నిర్ణయించుకోండి.

విండోస్ కూడా ఉన్న మెషీన్‌లో ఇంకో కారణం ఉంది. విండోస్ ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ పూర్తిగా జరగదు, కార్డు సగం నిద్రలోనే ఉండిపోతుంది. విండోస్‌లోకి వెళ్లి ఫాస్ట్ స్టార్టప్ తీసేసి, పూర్తిగా షట్‌డౌన్ చేసి, అప్పుడు లినక్స్‌లోకి రండి.

3. డ్రైవర్, ఫర్మ్‌వేర్

డ్రైవర్ కర్నెల్‌లో ఉంటుంది, ఫర్మ్‌వేర్ అనేది చిప్‌లోకి ఎక్కించే చిన్న ఫైల్. మొదటిది ఉండి రెండోది లేకపోయినా వైఫై రాదు. ఇది కొట్టండి:

సుడో డిఎమ్ఇఎస్‌జి | గ్రెప్ -ఐ ఫర్మ్‌వేర్

(మధ్యలో ఉన్నది నిలువు గీత.) ‘ఫెయిల్డ్’ అని, చివర మైనస్ 2 అని ఉన్న లైన్ వస్తే ఆ ఫైల్ మీ సిస్టమ్‌లో లేదని అర్థం. కంగారు పడేముందు ఒకటి గమనించండి. ఇంటెల్ డ్రైవర్ కొత్త వెర్షన్ నుంచి పాతదాకా ఒక్కోటీ వెతుక్కుంటూ వస్తుంది, కాబట్టి పైన నాలుగు ఫెయిల్డ్ లైన్లు ఉన్నా కింద ‘లోడెడ్ ఫర్మ్‌వేర్ వెర్షన్’ అని ఉంటే అంతా సరిగ్గానే ఉన్నట్టు. ‘ఐడబ్ల్యూఎల్-డీబగ్-యోయో’ అనే ఫైల్ దొరకలేదన్న లైన్ కూడా అంతే, దానితో ఏ నష్టమూ లేదు. ఆ ఒక్క లైన్ చూసి సిస్టమ్ మొత్తం మళ్లీ ఇన్‌స్టాల్ చేసినవాళ్లున్నారు, మీరు ఆ పని చేయొద్దు.

ఇక చిప్‌ను బట్టి:

అథెరోస్. పాత లాప్‌టాప్‌కు ఇంతకంటే మంచి కార్డు లేదు. ఏటీహెచ్5కే, ఏటీహెచ్9కే డ్రైవర్లకు విడిగా ఫర్మ్‌వేర్ ఫైల్ అక్కర్లేదు. ఇవి పనిచేయకపోతే తప్పు చాలావరకు 2వ మెట్టులోనే ఉంటుంది, మళ్లీ వెళ్లి చూడండి.

ఇంటెల్. డ్రైవర్ కర్నెల్‌లోనే ఉంటుంది. ఉబుంటు, మింట్‌లలో ఫర్మ్‌వేర్ ‘లినక్స్-ఫర్మ్‌వేర్’ ప్యాకేజీతో ముందే వస్తుంది. డెబియన్‌లో ‘ఫర్మ్‌వేర్-ఐడబ్ల్యూఎల్‌వైఫై’ వేయాలి. డెబియన్ 12 నుంచి ఇన్‌స్టాలర్‌లోనే ఇలాంటి ఫర్మ్‌వేర్ కలిపి ఇస్తున్నారు, అంతకుముందు వెర్షన్‌తో వేసుకున్నవాళ్లకే ఈ పని ఎక్కువగా పడుతుంది.

రియల్‌టెక్. లాప్‌టాప్ లోపలి కార్డులకు డ్రైవర్ చాలావరకు కర్నెల్‌లో ఉంది, డెబియన్‌లో ‘ఫర్మ్‌వేర్-రియల్‌టెక్’ వేయండి. దీనితో అసలు తలనొప్పి సిగ్నల్ విషయంలో, 7వ మెట్టులో చెబుతాను.

బ్రాడ్‌కామ్. ఎక్కువమంది ఇరుక్కునేది ఇక్కడే, కాబట్టి నెమ్మదిగా చదవండి. ఈ చిప్‌లకు మూడు డ్రైవర్లున్నాయి: బి43, బీఆర్‌సీఎమ్ఎస్‌మ్యాక్, డబ్ల్యూఎల్. మొదటి రెండూ ఓపెన్ సోర్స్, మూడోది కంపెనీ సోర్స్ బయటపెట్టకుండా ఇచ్చిన డ్రైవర్. ఏ చిప్‌కు ఏది అన్నది ఐడీని బట్టే ఉంటుంది. 14ఇ4:4315 అయితే బి43 పనిచేస్తుంది, దానికి ‘ఫర్మ్‌వేర్-బి43-ఇన్‌స్టాలర్’ కావాలి. 14ఇ4:4727 అయితే బీఆర్‌సీఎమ్ఎస్‌మ్యాక్ ముందు ప్రయత్నించండి. 14ఇ4:4365 అయితే డబ్ల్యూఎల్ తప్ప దారి లేదు. ఆ డబ్ల్యూఎల్ డ్రైవర్ ఉబుంటులో ‘బీసీఎమ్‌డబ్ల్యూఎల్-కర్నెల్-సోర్స్’ పేరుతో, డెబియన్‌లో ‘బ్రాడ్‌కామ్-ఎస్‌టీఏ-డీకేఎమ్ఎస్’ పేరుతో దొరుకుతుంది. మింట్ వాడేవాళ్లయితే ఇన్‌స్టాల్ పెన్‌డ్రైవ్ పెట్టి డ్రైవర్ మేనేజర్ తెరవండి, ఇంటర్నెట్ లేకుండానే దాన్నుంచి వేసుకోవచ్చు.

ఇక్కడ రెండు పొరపాట్లు ఎక్కువ. మొదటిది, మూడు డ్రైవర్లూ వేసేసి ఏదో ఒకటి పనిచేస్తుందిలే అనుకోవడం. అవి ఒకదాన్నొకటి అడ్డుకుంటాయి, డబ్ల్యూఎల్ ప్యాకేజీ మిగతా రెండింటినీ బ్లాక్‌లిస్ట్‌లో పెట్టేస్తుంది. ఒకటి తీసేసి, రీబూట్ చేసి, అప్పుడే ఇంకోటి వేయండి. రెండోది, బి43 ఇన్‌స్టాలర్‌ను నెట్ లేకుండా నడపడం. అది ఫర్మ్‌వేర్‌ను ఇంటర్నెట్ నుంచే తెచ్చుకుంటుంది, నెట్ లేకపోతే ప్యాకేజీ ఎక్కినట్టే ఉంటుంది కానీ ఫైల్ మాత్రం రాదు. ఫోన్ టెదరింగ్ పెట్టుకుని మళ్లీ వేయండి.

ఎన్‌డీఐఎస్‌వ్రాపర్ వాడమని, ఎవరిదో స్క్రిప్ట్ దించి సుడోతో నడపమని ఎవరైనా చెబితే ఆగండి. మొదటిదానికి కాలం చెల్లింది. రెండోది తర్వాతి కర్నెల్ అప్‌డేట్‌కు విరిగిపోతుంది, పైగా అందులో ఏముందో చదవకుండా సుడో ఇవ్వడం ఎప్పుడూ ప్రమాదమే.

4. నిన్నటిదాకా పనిచేసి అప్‌డేట్ తర్వాత ఆగిపోతే

ఇది డబ్ల్యూఎల్ లాంటి డీకేఎమ్ఎస్ డ్రైవర్ల సమస్య. కొత్త కర్నెల్ వచ్చినప్పుడల్లా వాటిని మళ్లీ కట్టాలి (కంపైల్ చేయాలి, డీకేఎమ్ఎస్ చేసే పని ఇదే), అలా కట్టాలంటే ఆ కర్నెల్ హెడర్స్ అనే ఫైళ్లు ఉండాలి. ‘డీకేఎమ్ఎస్ స్టేటస్’ కొట్టండి, ‘యూనేమ్ -ఆర్’ చూపించే కర్నెల్ వెర్షన్ పక్కన ‘ఇన్‌స్టాల్డ్’ అని లేకపోతే హెడర్స్ ప్యాకేజీ వేసి డ్రైవర్‌ను మళ్లీ ఇన్‌స్టాల్ చేయండి. తొందరగా ఉంటే బూట్ మెనూలో అడ్వాన్స్డ్ ఆప్షన్స్‌లోకి వెళ్లి పాత కర్నెల్‌తో బూట్ అవండి. అక్కడ వైఫై వస్తే కారణం ఖాయమైనట్టే.

డ్రైవర్ కట్టింది, అయినా ఎక్కట్లేదు, ‘కీ వాజ్ రిజెక్టెడ్’ అంటోందా? సంతకం లేని డ్రైవర్లను ఎక్కనివ్వని సెక్యూర్ బూట్ అడ్డుపడుతోంది. 2012లో విండోస్ 8తో వచ్చిన సంగతి ఇది, అంతకంటే పాత మెషీన్లలో సాధారణంగా ఉండదు. ఉబుంటులో ఇలాంటి డ్రైవర్ వేసేటప్పుడు ఒక పాస్‌వర్డ్ పెట్టమంటుంది, రీబూట్ అవగానే నీలం తెర వస్తుంది. చాలామంది అక్కడ ‘కంటిన్యూ బూట్’ కొట్టేసి ముందుకెళ్లిపోతారు. ‘ఎన్‌రోల్ మోక్’ ఎంచుకుని ఆ పాస్‌వర్డ్ ఇవ్వాలి. ఆ తెర దాటిపోయి ఉంటే డ్రైవర్ ప్యాకేజీని మళ్లీ ఇన్‌స్టాల్ చేసి చూడండి. అదీ కాకపోతే బయోస్‌లో సెక్యూర్ బూట్ ఆఫ్ చేయడం ఇంకో దారి.

5. డ్రైవర్ ఉంది, కానీ మీ నెట్‌వర్క్ పేరు కనిపించట్లేదు, లేదా పాస్‌వర్డ్ మళ్లీ మళ్లీ అడుగుతోంది

ఇక్కడ లాప్‌టాప్ తప్పేం లేకపోవచ్చు. పక్కవాళ్ల పేర్లన్నీ కనిపించి మీది ఒక్కటే కనిపించకపోతే మీ రౌటర్ 5 గిగాహెర్ట్జ్‌లో మాత్రమే ప్రసారం చేస్తోందేమో చూడండి. పాత కార్డులు చాలావాటికి 2.4 మాత్రమే వచ్చు. రౌటర్‌లో 2.4 కూడా ఆన్ చేసి, దానికి విడిగా పేరు పెట్టండి. ఛానెల్ 12, 13 మీద ఉన్నా కొన్ని కార్డులకు కనిపించదు, 1, 6, 11లలో ఒకటి పెట్టండి.

పాస్‌వర్డ్ సరిగ్గా కొట్టినా మళ్లీ అడుగుతుంటే రౌటర్ సెక్యూరిటీ చూడండి. డబ్ల్యూపీఏ3 మాత్రమే అని ఉంటే పాత కార్డులు చాలావరకు కనెక్ట్ కాలేవు. డబ్ల్యూపీఏ2, 3 కలిపి ఉన్న సెట్టింగ్ పెట్టండి, అదీ కుదరకపోతే డబ్ల్యూపీఏ2 ఏఈఎస్. టీకేఐపీ అనే పాత రకం మాత్రం వద్దు, దానితో వేగం 54 మెగాబిట్ల దగ్గరే ఆగిపోతుంది. పాస్‌వర్డ్ తీసేసి ఓపెన్‌గా పెట్టేద్దామన్న ఆలోచన అసలే వద్దు.

కొన్ని యూఎస్‌బీ అడాప్టర్లకు మాత్రం వేరే ఇబ్బంది. కనెక్షన్లను చూసుకునే నెట్‌వర్క్‌మేనేజర్ స్కాన్ చేసేటప్పుడు మ్యాక్ అడ్రస్ (కార్డు గుర్తింపు సంఖ్య) మారుస్తుంటుంది, వాటికది సరిపడదు. ‘ఈటీసీ’ కింద ‘నెట్‌వర్క్‌మేనేజర్’ (ఈ పేరులో మాత్రం ఎన్, ఎమ్ పెద్ద అక్షరాలు), దాని కింద ‘కాన్ఫ్.డి’ ఫోల్డర్‌లో ‘.కాన్ఫ్’తో ముగిసే కొత్త ఫైల్ పెట్టండి. మొదటి లైన్‌లో చదరపు బ్రాకెట్లలో ‘డివైస్’, రెండో లైన్‌లో ‘వైఫై.స్కాన్-ర్యాండ్-మ్యాక్-అడ్రస్=నో’ రాసి నెట్‌వర్క్‌మేనేజర్‌ను రీస్టార్ట్ చేయండి.

6. కనెక్ట్ అయింది, పేజీలు తెరుచుకోవట్లేదు

ముందు తేదీ చూడండి. నిజంగా. పాత లాప్‌టాప్‌లో మదర్‌బోర్డు మీద ఉండే చిన్న బ్యాటరీ అయిపోతే గడియారం ఏళ్ల వెనక్కి వెళ్లిపోతుంది, అప్పుడు బ్రౌజర్ ప్రతి సైట్‌కూ సర్టిఫికెట్ తప్పంటుంది. వైఫై పోయిందని గంటలు వెతుకుతారు, తేదీ సరిచేస్తే సరిపోయేది.

తేదీ సరిగ్గానే ఉంటే ‘ఐపీ రూట్’ కొట్టి ‘డీఫాల్ట్ వయా’ పక్కనున్న అడ్రస్‌కు పింగ్ చేయండి (‘పింగ్’ అని, తర్వాత ఆ అడ్రస్ కొట్టడమే), అది మీ రౌటర్. జవాబు రాకపోతే వైఫై లింకే బాగోలేదు, 7కు వెళ్లండి. వస్తే 1.1.1.1కు పింగ్ చేయండి. అదీ వచ్చి, సైట్ పేరుతో మాత్రం రాకపోతే డీఎన్‌ఎస్ (సైట్ పేరును అడ్రస్‌గా మార్చే సేవ) సమస్య, కనెక్షన్ సెట్టింగ్స్‌లో డీఎన్‌ఎస్‌గా 1.1.1.1 పెట్టండి.

7. మాటిమాటికీ తెగిపోతుంటే, సిగ్నల్ బలహీనంగా ఉంటే

‘ఐడబ్ల్యూ డెవ్’ కొడితే మీ కార్డు పేరు తెలుస్తుంది, డబ్ల్యూఎల్‌ఏఎన్0 లాగానో డబ్ల్యూఎల్‌పీ2ఎస్0 లాగానో ఉంటుంది. ‘ఐడబ్ల్యూ డెవ్’, ఆ పేరు, ‘లింక్’ అని కొట్టండి. సిగ్నల్ మైనస్‌లో వస్తుంది: -50 చుట్టుపక్కల చాలా బాగున్నట్టు, -67 వరకు పర్వాలేదు, -80 దాటితే పని జరగదు.

సిగ్నల్ బాగుండి కూడా తెగిపోతుంటే ముందు పవర్ సేవింగ్ ఆపండి: ‘సుడో ఐడబ్ల్యూ డెవ్’, కార్డు పేరు, ‘సెట్ పవర్_సేవ్ ఆఫ్’. రీబూట్ అయితే ఇది పోతుంది, కాబట్టి కాసేపు వాడి చూడండి, ఫలితం ఉంటేనే శాశ్వతం చేయండి. దానికి ఇందాకటి కాన్ఫ్.డి ఫోల్డర్‌లో ‘వైఫై.పవర్‌సేవ్’ విలువ ఉన్న ఫైల్ తెరిచి 3ను 2 చేయాలి. పాత ఇంటెల్ సెంట్రినో కార్డులకు ఇది చాలకపోతే ‘ఐడబ్ల్యూఎల్‌వైఫై’ డ్రైవర్‌కు ‘11ఎన్_డిజేబుల్=1’ అనే ఆప్షన్ ఉంది, కింద 8723బీఈకి చెప్పిన పద్ధతిలోనే రాయాలి. వేగం 54కు పడిపోతుంది కానీ కనెక్షన్ నిలబడుతుంది, నా దృష్టిలో నిలబడడమే ముఖ్యం.

రౌటర్ పక్కనే కూర్చున్నా సిగ్నల్ ఒక్క గీతే వస్తోంది, కార్డు రియల్‌టెక్ 8723బీఈ. ఇది మీ పరిస్థితి అయితే కారణం యాంటెన్నా. కార్డు మీద రెండు కనెక్టర్లుంటే లాప్‌టాప్ తయారీదారు ఒక్క తీగే పెట్టి ఉంటారు, డ్రైవర్ రెండో దానిలో వెతుకుతుంటుంది. ‘ఈటీసీ’ కింద ‘మోడ్‌ప్రోబ్.డి’ ఫోల్డర్‌లో ‘.కాన్ఫ్’తో ముగిసే ఫైల్ చేసి ‘ఆప్షన్స్ ఆర్‌టీఎల్8723బీఈ ఏఎన్‌టీ_ఎస్ఈఎల్=2’ అని ఒక్క లైన్ రాసి రీబూట్ చేయండి. మార్పు లేకపోతే 2 బదులు 1 పెట్టండి. మారిందో లేదో గీతల లెక్క చూసి కాదు, పైన చెప్పిన మైనస్ అంకె ముందూ తర్వాతా రాసుకుని చూడండి.

నిద్ర నుంచి లేచాక మాత్రమే వైఫై పోతుంటే 1వ మెట్టులో చూసిన డ్రైవర్ పేరుతో ‘సుడో మోడ్‌ప్రోబ్ -ఆర్’, తర్వాత ‘సుడో మోడ్‌ప్రోబ్’ కొట్టండి, రీబూట్ అక్కర్లేకుండా తిరిగొస్తుంది.

వచ్చింది అనిపించగానే ఆపేయొద్దు. ఒకసారి పూర్తిగా ఆపి ఆన్ చేయండి, ఒకసారి మూత మూసి తెరవండి, రౌటర్‌కు పింగ్ పెట్టి పది నిమిషాలు వదిలేసి ‘ప్యాకెట్ లాస్’ 0 శాతం చూపిస్తోందో లేదో చూడండి. ఈ మూడింటిలో నిలబడితేనే సరైనట్టు.

8. ఏం చేసినా రాకపోతే

కొత్త వెర్షన్ ఉబుంటునో ఫెడోరానో పెన్‌డ్రైవ్‌లో పెట్టి లైవ్‌గా బూట్ చేయండి, ఇన్‌స్టాల్ చేయకండి. అక్కడ వైఫై వస్తే మీ కార్డు బాగుంది, మీ సిస్టమ్‌లోనే ఏదో పాతబడింది. అక్కడా ‘ఎల్ఎస్‌పీసీఐ’లో కార్డే లేకపోతే అది పోయినట్టే.

కార్డు మార్చాలనుకుంటే ఒక హెచ్చరిక: పాత లెనోవో, హెచ్‌పీ లాప్‌టాప్‌లు కొన్నింటిలో బయోస్ తన జాబితాలో లేని కార్డు పెడితే బూట్ అవ్వనే అవ్వదు. మీ మోడల్‌కు అలాంటి అడ్డు ఉందో లేదో ముందే వెతకండి. యాంటెన్నా తీగల కనెక్టర్లు చాలా సున్నితం, నేరుగా పైకి లాగాలి, పక్కకు వంచితే విరుగుతాయి. ఏ తీగ ఎక్కడుందో విప్పే ముందే ఫోటో తీసుకోండి.

ఇంత పని ఎందుకనుకుంటే యూఎస్‌బీ అడాప్టర్ కొనండి, కానీ బ్రాండ్ చూసి కాదు, లోపలి చిప్ చూసి. డ్రైవర్ కర్నెల్‌లోనే ఉన్న చిప్ అయితే పెట్టగానే పనిచేస్తుంది. అథెరోస్ ఏఆర్9271కు డ్రైవర్‌తో పాటు ఫర్మ్‌వేర్ కూడా ఓపెన్ సోర్స్, అయితే 2.4 మాత్రమే. 5 గిగాహెర్ట్జ్ కావాలంటే మీడియాటెక్ ఎమ్‌టీ7612యు, దానికి కర్నెల్ 4.19 లేదా ఆపైది ఉండాలి. ఎమ్‌టీ7921ఏయు అయితే 5.18. పెట్టె మీద ‘లినక్స్ సపోర్ట్’ అని ఉన్నంత మాత్రాన నమ్మొద్దు, అది ఏదో పాత కర్నెల్‌కు కట్టుకోవాల్సిన డ్రైవర్ అయి ఉండొచ్చు. ఒకే మోడల్ పేరుతో వెర్షన్ 1లో ఒక చిప్, వెర్షన్ 2లో వేరే చిప్ పెట్టి అమ్మడం కూడా మామూలే, కాబట్టి వెర్షన్ నంబర్ అడిగి తెలుసుకుని, వెనక్కి ఇచ్చే వీలున్న చోటే కొనండి. ఇంటికి తెచ్చాక మొదట చేయాల్సిన పని ‘ఎల్ఎస్‌యూఎస్‌బీ’ కొట్టి ఐడీ సరిచూసుకోవడం.